పేటెంటు మీదే, దారి మాత్రం పక్కవాళ్ల చేలోంచి

ప్రశ్న: నేను ఒక చిన్న బయోటెక్ కంపెనీలో సైంటిస్టుని. మొత్తం పద్నాలుగు మందిమి. ఐపీఎస్ కణాల (చర్మం, రక్తం లాంటి మామూలు కణాలని వెనక్కి తిప్పి తెచ్చిన మూలకణాలు) నుంచి మృదులాస్థి కణాలు తయారుచేసి, మోకాలి అరుగుదలకి చికిత్స తేవాలని మా ప్రయత్నం. ఆరు నెలల కిందట నా చేతిలో ఒక చిన్న మార్పు కలిసొచ్చింది. నాలుగో రోజు వేసే ఒక మందుని ఆరో రోజుకి జరిపితే, పనికొచ్చే కణాల శాతం దాదాపు రెట్టింపు అయింది. ఎండీ గారు పేటెంట్ వేద్దామంటున్నారు. ఇంకో ఐదు వారాల్లో ఒక కాన్ఫరెన్సులో నా పోస్టర్ ఉంది. ఇంతలో ఒక పెద్ద మందుల కంపెనీ వచ్చి మా టెక్నాలజీ మొత్తానికి, ప్రపంచమంతటికీ ఎక్స్‌క్లూజివ్ లైసెన్స్ (ఇంకెవరికీ ఇవ్వకుండా వాళ్లకే) అడుగుతోంది. లాయర్ల మీటింగుల్లో టెక్నికల్ మనిషిగా నన్ను కూర్చోబెడుతున్నారు. సగం మాటలు అర్థం కావు, అడగాలంటే మొహమాటం. శరీరంలో సహజంగా ఉండే కణాలకి పేటెంట్ ఎలా వస్తుంది? మాకు పేటెంట్ వచ్చాక కూడా వేరేవాళ్ల లైసెన్స్ ఎందుకు కావాలంటున్నారు? ఆ పెద్ద కంపెనీకి అన్నీ ఇచ్చేయడం మంచిదేనా? ఇంకొకటి, ఆవిష్కర్తల్లో ఎండీ గారు తన పేరు కూడా వేయమంటున్నారు. ఏం చేయాలో తోచక టెన్షన్‌గా ఉంది. (పేరు రాయొద్దన్నారు)

సమాధానం: మీరు అడిగినవి నాలుగు. తొందర ఉన్నది మాత్రం మీరు అడగని ఐదోదానికి. అదే పోస్టర్. ముందు దాని సంగతి తేల్చేద్దాం.

పేటెంట్ దరఖాస్తు పడేదాకా ఆ పోస్టర్ బయటికి రాకూడదు. పోస్టరే కాదు, దాని అబ్‌స్ట్రాక్ట్ (ముందుగా పంపే సారాంశం) కూడా. అందరూ పోస్టర్ తగిలించే రోజునే లెక్కలోకి తీసుకుంటారు. అబ్‌స్ట్రాక్టుల పుస్తకం అంతకంటే ముందే ఆన్‌లైన్లోకి వచ్చేస్తుందని ఎవరికీ గుర్తుండదు. మీది ఎప్పుడు పెడతారో నిర్వాహకులకి ఇవాళే మెయిల్ రాసి కనుక్కోండి. మన సంగతి మనమే బయటపెట్టుకున్నా అమెరికాలో, జపాన్‌లో ఏడాది వెసులుబాటు ఉంది. యూరప్‌లో అలాంటిది లేదనే అనుకుని నడుచుకోండి. అక్కడ ఒక్కరోజు ముందు బయటపడినా కొత్తదనం పోయినట్టే.

ఇది పుస్తకాల్లో చదివి చెప్పడం లేదు. నేను ల్యాబ్ వదిలి లైసెన్సింగ్ పనిలోకి వచ్చిన రెండో ఏడు, మా కుర్రాడొకడు గురువారం పోస్టర్ పెట్టాడు. మా దరఖాస్తు సోమవారం పడింది. పోస్టర్‌లో అసలు విషయం చెప్పలేదనే అందరం అనుకున్నాం. కుడివైపు అడుగున అగ్గిపెట్టెంత గ్రాఫ్ ఒకటి ఉంది. దాని కింద గీత మీద మందు ఎంత మోతాదులో వేశామో అంకెలు పడ్డాయి. మూడేళ్ల తర్వాత యూరప్ పేటెంట్ ఆఫీసు ఎగ్జామినర్ పంపిన ఉత్తరంలో ఆ పోస్టర్ పీడీఎఫ్ జతచేసి ఉంది, "ఫిగర్ 4 చూడండి" అని. యూరప్ మొత్తం ఆ అగ్గిపెట్టెలో పోయింది. ఆ కుర్రాణ్ని ఎవరూ ఏమీ అనలేదు. అనాల్సింది ముందే చెప్పని నన్ను.

షిన్యా యమనాకా గారి సంగతి చూడండి. ఎలుక కణాలని వెనక్కి తిప్పి ఐపీఎస్ కణాలుగా మార్చిన ఆయన పేపర్ 2006 ఆగస్టులో వచ్చింది. ఆయన పనిచేస్తున్న క్యోటో యూనివర్సిటీ వేసిన మొదటి దరఖాస్తు 2005 డిసెంబరులోనే పడిపోయింది. మీకు అన్ని నెలలు అక్కర్లేదు, రెండు వారాలు చాలు. దరఖాస్తు పడ్డాక పోస్టర్ హాయిగా పెట్టుకోండి. ఒక్క జాగ్రత్త: పోస్టర్‌లో ఉన్న ప్రతి బొమ్మా, ప్రతి అంకే దరఖాస్తులో కూడా ఉండాలి. దరఖాస్తులో లేనిది పోస్టర్‌లో కనబడిందంటే అది ఊరందరిదీ అయిపోయినట్టే.

ఇక మీ మొదటి ప్రశ్న. సహజంగా ఉండే కణానికి పేటెంట్ ఎలా వస్తుందని మీకు వచ్చిన అనుమానం అక్షరాలా న్యాయమైనది. అమెరికా కోర్టులకీ అదే వచ్చింది. డాలీ గొర్రెని పుట్టించిన రోస్లిన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు క్లోన్ చేసే పద్ధతికి పేటెంట్ తెచ్చుకున్నారు, ఆ పద్ధతిలో పుట్టిన జంతువులకీ అడిగారు. 2014 మేలో అక్కడి ఫెడరల్ సర్క్యూట్ కోర్టు కుదరదంది. డాలీ అచ్చం తల్లి గొర్రె లాంటిదే కదా, ప్రకృతిలో ఉన్నదానికి ఇది నకలే కదా అన్నది కోర్టు మాట. పద్ధతి పేటెంట్ మాత్రం నిలిచింది. మీ విషయంలో కూడా అంతే. "మృదులాస్థి కణం" అని క్లెయిమ్ (ఇది మాది అని హక్కు కోరే వాక్యం) రాస్తే నిలబడదు. ఆ మందుని ఆరో రోజు వేసి తయారుచేసే పద్ధతి నిలబడొచ్చు. ప్రకృతిలో ఎక్కడా దొరకని పాళ్లలో ఉండే కణాల మిశ్రమం నిలబడొచ్చు. దాన్ని ఒక జెల్‌లో కలిపి మోకాలికి ఎక్కించేలా చేసిన తయారీ కూడా.

యూరప్‌లో గొడవ వేరు. అక్కడ సహజమా కాదా అన్నదానికంటే, పిండాన్ని నాశనం చేశారా అన్నది పెద్ద ప్రశ్న. 2011 అక్టోబరులో బ్రూస్ట్‌లె కేసులో యూరోపియన్ కోర్టు, మానవ పిండాన్ని ముందు నాశనం చేస్తే తప్ప జరగని ఆవిష్కరణకి పేటెంట్ ఇవ్వకూడదంది. మీవి ఐపీఎస్ కణాలు కాబట్టి ఆ బాధ మీకు లేదు. వైద్య పద్ధతి విషయం కూడా చూసుకోండి. "ఈ కణాలని మోకాలిలోకి ఎక్కించి నయం చేసే పద్ధతి" అని రాస్తే అమెరికాలో చెల్లుతుంది, యూరప్‌లోనూ ఇండియాలోనూ చెల్లదు. అక్కడ ఆ మాటనే "ఫలానా చికిత్సలో వాడేందుకు ఈ కణాలు" అనో, తయారీ పద్ధతి అనో తిప్పి రాయాలి. అది అటార్నీ (పేటెంట్ లాయరు) పని, మీరు బుర్ర బద్దలు కొట్టుకోకండి.

మీరు బుర్ర పెట్టాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. దాన్ని మీటింగులో ఎవరూ అడిగి ఉండరని నా అనుమానం. ఆరో రోజు సంగతికి అసలు పేటెంట్ వేయాలా?

పేటెంట్ అంటే రహస్యం బయటపెట్టి, బదులుగా దరఖాస్తు తేదీ నుంచి ఇరవై ఏళ్లు ఎదుటివాణ్ని ఆపే హక్కు తెచ్చుకోవడం. ఆపాలంటే ముందు పట్టుకోవాలిగా! పోటీ కంపెనీ వాడి ఫ్రీజర్‌లో ఉన్న కణాలని చూసి, వాటికి మందు నాలుగో రోజు వేశాడో ఆరో రోజు వేశాడో మీరు చెప్పగలరా? చెప్పగలిగే గుర్తు ఏదైనా ఉంటే, అంటే మీ పద్ధతిలో వచ్చిన కణాల్లోనే కనిపించే ప్రోటీనో, పాళ్లో, ఏదో ఒకటి ఉంటే, ఆ గుర్తు చుట్టూ క్లెయిమ్ రాయించండి. ఏ గుర్తూ లేకపోతే మీరు చేసేదల్లా మీ వంట అందరికీ నేర్పి, ఎవరు వండుకుంటున్నారో తెలియక కూర్చోవడమే. అలాంటప్పుడు పోస్టర్‌లో కూడా పెట్టకుండా గుట్టుగా ఉంచుకోవడమే మేలు. స్టెమ్ సెల్ చికిత్సల్లో అసలు విలువ చాలావరకు అక్కడే ఉంటుంది. బయోరియాక్టర్‌ని (కణాలని పెంచే పెద్ద పాత్ర) ఎంత వేగంతో తిప్పుతారు, ఏ దశలో కణాలని విడదీస్తారు, ఏ బ్యాచ్‌ని చూడగానే పారేస్తారు లాంటివి. ఇలాంటివన్నీ అనుమతులిచ్చే సంస్థకి ఇచ్చే ఫైల్లో ఉంటాయి, ఆ భాగం గోప్యంగానే ఉంటుంది. పద్ధతిని చదివినవాళ్లు చేయగలిగేలా వివరించడం దరఖాస్తుకి తప్పనిసరి. దాన్ని ఇంకా మెరుగ్గా చేసే కిటుకులు మీరు తర్వాత కనిపెట్టినవైతే వాటిని దాచుకోవచ్చు. నాకైతే మీ కేసులో రెండూ కలిపి చేయాలనిపిస్తోంది: కణాల పాళ్ల మీద పేటెంట్, తర్వాత దొరికే కిటుకులు బీరువాలో. కాకపోతే నేను మీ డేటా చూడలేదు.

రెండో ప్రశ్నకి వస్తాను. పేటెంట్ ఉన్నా లైసెన్స్ ఎందుకు? పేటెంట్ అంటే చేసుకునే హక్కని అందరూ అనుకుంటారు. అది చేసుకునే హక్కు కాదు, చేయనివ్వని హక్కు. చేను మీదే, పట్టా మీ పేరనే ఉంది. చేలోకి వెళ్లే దారి మాత్రం పక్కవాళ్ల చేలోంచి ఉంది. వాళ్లు కాదంటే మీ పంట మీరే కోసుకోలేరు. మీ కణాలు ఐపీఎస్ నుంచి వస్తున్నాయి కాబట్టి, వాటిని తయారుచేసిన పద్ధతి ఎవరిదో, ఆ పేటెంట్ గడువు ఏ దేశంలో ఎప్పుడు తీరుతుందో చూడాలి. జన్యువుల్లో ఏమైనా సవరణ చేసి ఉంటే క్రిస్పర్ (జన్యువులని కత్తిరించి సవరించే పద్ధతి) హక్కులు ఎవరి దగ్గర తీసుకోవాలన్నది ఇంకో పెద్ద తలనొప్పి. కణాలు అతుక్కునే పూత, పెంచే ద్రవం, గడ్డకట్టించే ద్రావణం, ఒక్కొక్కదానికీ ఒక్కో యజమాని ఉండొచ్చు.

రేపు ల్యాబ్‌కి వెళ్లగానే ఒక పని చేయండి. ఫ్రిజ్ తెరిచి ఒక్కో సీసా లేబుల్ చదవండి. "పరిశోధనకు మాత్రమే" అని సన్న అక్షరాల్లో ఉంటుంది. కొన్నింటి మీద "కొన్నవారికి పరిమిత లైసెన్స్" అని కూడా ఉంటుంది. అది ఉత్తుత్తి మాట కాదు. ఆ సీసాతో ఎన్ని ప్రయోగాలైనా చేసుకోవచ్చు, దాంతో తయారైన కణాలని రోగికి అమ్మడానికి మాత్రం వేరే ఒప్పందం కావాలి. ఆ సీసాల పేర్లతో ఒక పేజీ రాసి ఎండీ గారికి ఇవ్వండి. లాయర్ చేయించే ఫ్రీడమ్ టు ఆపరేట్ సెర్చ్‌కి (ఎవరి పేటెంట్లు మీకు అడ్డొస్తాయో వెతకడం) దానికంటే మంచి మొదలు లేదు. ఫ్రిజ్‌లో ఏముందో లాయర్‌కి తెలియదు, మీకు తెలుసు.

అందరికీ రాయల్టీ కట్టాలంటే ఏమవుతుందో కూడా చూడండి. ఊరికే ఒక లెక్క: ఐపీఎస్ వాళ్లకి నాలుగు శాతం, సవరణ వాళ్లకి మూడు, ద్రవం వాళ్లకి రెండు, ఇంజెక్షన్ పరికరం వాళ్లకి రెండు. అమ్మకాల మీద పదకొండు శాతం మీ తయారీ ఖర్చు మొదలవకముందే పోయింది. అందుకే ఎవరితో ఒప్పందం రాసుకున్నా, "మిగతావాళ్లకి కట్టాల్సి వస్తే మీ వాటా ఇంతవరకు తగ్గుతుంది" అన్న క్లాజ్ అడగాలి. అడిగితే చాలామంది ఒప్పుకుంటారు. విచిత్రం ఏంటంటే చాలామంది అడగరు.

క్లినికల్ ట్రయల్స్ వరకు పేటెంట్ వాళ్లు ఆపలేరని మీ మీటింగులో ఎవరో ఒకరు అనే ఉంటారు. అనుమతి కోసం చేసే పరీక్షలకి అమెరికాలోనూ, ఇంకా చాలా దేశాల్లోనూ వెసులుబాటు ఉన్న మాట నిజమే. దాన్ని నమ్ముకుని లైసెన్సుని వాయిదా వేస్తే, ట్రయల్స్ బాగా వచ్చిన రోజున అవతలివాడు అడిగే రేటు ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఇప్పుడు అసలు విషయం, ఆ పెద్ద కంపెనీ.

లైసెన్స్ అంటే చేను కౌలుకి ఇవ్వడం. కౌలుదారు డబ్బున్నవాడా అని చూస్తారు మీ ఎండీ గారు. నేనైతే మూడు చూస్తాను: ఎంత మేర ఇస్తున్నాం, దున్నకుండా బీడు పెడితే ఏమవుతుంది, తిరిగొచ్చేటప్పుడు ఏ స్థితిలో వస్తుంది.

1998లో విస్కాన్సిన్ యూనివర్సిటీలో జేమ్స్ థామ్సన్ మానవ పిండ మూలకణాలని మొదటిసారి వేరుచేసి పెంచారు. ఆ పనికి జెరాన్ అనే కంపెనీ డబ్బు పెట్టింది. పేటెంట్లు ఆ యూనివర్సిటీ తరఫున వార్ఫ్ అనే ఫౌండేషన్ చేతిలో ఉన్నాయి. డబ్బు పెట్టినందుకు జెరాన్‌కి ఆరు రకాల కణాల మీద ఎక్స్‌క్లూజివ్ హక్కులు దక్కాయి. అది చాలక మరిన్ని రకాలు కావాలంటే, 2001 ఆగస్టులో వార్ఫ్ కోర్టుకెక్కింది. 2002 జనవరిలో రాజీ కుదిరింది: నాడీ కణాలు, గుండె కండర కణాలు, క్లోమంలోని ఐలెట్ కణాల మీద మాత్రమే ఎక్స్‌క్లూజివ్. రక్తం, ఎముక, మృదులాస్థి కణాల మీద హక్కు ఉంటుంది, ఇంకొకరికి ఇవ్వకుండా ఆపలేరు. చూశారా, మీ మృదులాస్థి ఆ రెండో జాబితాలోదే. జెరాన్ 2010లో వెన్నుపాము దెబ్బతిన్న రోగికి మొదటిసారి ఆ కణాలు ఎక్కించి, మరుసటి ఏడాది నవంబరులో డబ్బు సరిపోదని మొత్తం మూలకణాల పనే మానేసింది. వార్ఫ్ మూల పేటెంటు గడువు 2015లో తీరింది. ఆ కణాలతో తయారై అనుమతి పొందిన చికిత్స అప్పటికి ఒక్కటీ లేదు. అంత పెద్ద కంపెనీకి, అంత గొప్ప పేటెంట్‌కి కూడా ఇరవై ఏళ్లు చాలలేదు. ఒక కౌలుదారు చేతిలో నాలుగైదేళ్లు ఊరికే పడి ఉండటం ఎంత నష్టమో దీన్ని బట్టి చూసుకోండి.

రెండో ఉదాహరణ జపాన్‌ది, మీలాంటివాళ్లు ఇంకా జాగ్రత్తగా చదవాల్సింది. మసాయో తకహాషి గారు 2014లో ప్రపంచంలోనే మొదటిసారి ఐపీఎస్ కణాల నుంచి తయారైన కణాలని రోగి కంట్లో పెట్టించిన బృందానికి నాయకురాలు. ఆ రెటీనా కణాల తయారీ పేటెంట్లో ఆవిడ కూడా ఒక ఆవిష్కర్త. పేటెంటు మాత్రం ఆవిడది కాదు, హీలియోస్ అనే కంపెనీదీ, ఆవిడ పనిచేసిన రికెన్ పరిశోధన సంస్థదీ, ఒసాకా యూనివర్సిటీదీ. ఆవిడ రికెన్ వదిలి సొంత కంపెనీ నడుపుతూ, తాను కనిపెట్టిన పద్ధతిని తానే వాడుకోవడానికి అనుమతి ఇప్పించమని 2021 జూలైలో ప్రభుత్వాన్ని ఆశ్రయించాల్సి వచ్చింది. రాజీ కుదిరేసరికి 2024 మే అయింది. ఎవరిది తప్పు అని నేను అనను, ఎవరి లెక్కలు వాళ్లకి ఉంటాయి. ఆ మూడేళ్లు మాత్రం ఎవరికీ తిరిగి రావు.

అందుకని "మొత్తం టెక్నాలజీ, ప్రపంచమంతా" అన్న మాట ఒప్పందంలోంచి కొట్టేయించండి. "మోకాలి కీలు అరుగుదల చికిత్సకి, మృదులాస్థి కణాలు" అని రాయించండి. వెన్నుపూసల మధ్య డిస్కులకి ఆ కణాలు పనికొస్తాయేమో, మందుల పరీక్షకి అమ్ముకోవచ్చేమో, అవన్నీ మీ దగ్గరే ఉంటాయి. వాళ్లకి అవి కూడా కావాలంటే, ముందు వాళ్లనే అడుగుతామని రాయొచ్చు. అది ఇచ్చేయడం కాదు. ఆ తర్వాత గడువులు. ఇన్ని నెలల్లో ట్రయల్‌కి దరఖాస్తు, ఇన్ని నెలల్లో మొదటి రోగి. "తగిన ప్రయత్నం చేస్తాం" అన్న మాటకి మోసపోకండి, ఆ మాటకి కోర్టులో ఏళ్ల తరబడి అర్థం వెతుకుతారు. తేదీలు రాయించండి. దాటితే ఎక్స్‌క్లూజివ్ పోతుంది, ఇంకా దాటితే లైసెన్సే పోతుంది.

తిరిగొచ్చేటప్పటి సంగతి అందరూ మరిచిపోయేది. పేటెంట్ కాగితాలు వెనక్కి వస్తాయి సరే, వాళ్ల దగ్గర తయారైన మాస్టర్ సెల్ బ్యాంక్ (అన్ని బ్యాచ్‌లకీ మూలమైన కణాల నిల్వ)? ట్రయల్ డేటా? వాళ్లు మీ పద్ధతికి చేసిన మెరుగులు? ఇవి రాకపోతే మీరు మళ్లీ మొదటి రోజు నుంచి మొదలెట్టాలి. అలాగే, మీరు చేసే మెరుగులన్నీ ఉచితంగా వాళ్లకి చెందుతాయన్న క్లాజ్ ఎక్కడో వెనక పేజీల్లో ఉంటుంది. మీ రేపటి ఆరో రోజులన్నీ అందులో పోతాయి. వెతకండి.

పెద్ద అంకె చూసి మురిసిపోతున్న ఎండీ గారికి ఒక ఉదాహరణ చూపించండి. 2021 డిసెంబరులో లీనియేజ్ అనే కంపెనీ తన కంటి చికిత్స కణాలని రోష్, జెనెన్‌టెక్ అనే పెద్ద మందుల కంపెనీలకి ఇచ్చింది. వార్తల్లో 67 కోట్ల డాలర్ల వరకు అని వచ్చింది. చేతికి ముందుగా వచ్చేది అందులో 5 కోట్లు. మిగతాది ట్రయల్స్ గట్టెక్కితే, అనుమతులొస్తే, అమ్మకాలు జరిగితే. అది చెడ్డ ఒప్పందమని కాదు, ఈ రంగంలో మామూలే. మీ ఎండీ గారి దగ్గరున్న కాగితంలో సంతకం రోజున వచ్చేది ఎంత అన్నది ఒక్కటే చూసి, మిగతాదాన్ని వాన కురిస్తే పండే పంటగా లెక్కపెట్టుకోమనండి.

మధ్యలో ఒక చిన్న విషయం. మీ ఐపీఎస్ కణాలు మొదట ఎవరి చర్మం నుంచో రక్తం నుంచో వచ్చాయి కదా. ఆ మనిషి సంతకం పెట్టిన అంగీకార పత్రంలో వ్యాపారానికి వాడతామని ఉందా? జాన్ మూర్ అనే రోగి ప్లీహం కణాల మీద ఆయనకి చెప్పకుండా పేటెంట్ తెచ్చుకున్న కేసులో, 1990లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు కణాలు ఆయన ఆస్తి కాదంది గానీ, డాక్టరు తన లాభం సంగతి ముందే చెప్పి తీరాలంది. పెద్ద కంపెనీ వాళ్లు ఆ పత్రం కచ్చితంగా అడుగుతారు. ఇప్పుడే వెతికి పెట్టుకోండి.

చివరిది, పేరు. ఆవిష్కర్త పేరు మర్యాదకి వేసేది కాదు, పేపర్లో రచయితల వరస లాంటిది అసలే కాదు. క్లెయిమ్‌లో ఉన్న ఆలోచన ఎవరికి తట్టిందో వాళ్లే ఆవిష్కర్తలు. జీతం ఇచ్చినవాళ్లు, ల్యాబ్ ఇచ్చినవాళ్లు కారు. కావాలని తప్పు పేరు వేస్తే రేపు అమెరికాలో ఎదుటి లాయరు మొదట పట్టుకునేది దాన్నే. ఎండీ గారికి ఈ మాట మీరు చెబితే గొడవ, అటార్నీ చెబితే సలహా. అటార్నీ చేతే చెప్పించండి. మీరు ఉద్యోగంలో చేరినప్పుడు సంతకం పెట్టిన కాగితం కూడా ఒకసారి చదువుకోండి. హక్కులు "ఇస్తానని ఒప్పుకుంటున్నాను" అని ఉందా, "ఇందుమూలంగా ఇచ్చేస్తున్నాను" అని ఉందా? 2011లో స్టాన్‌ఫర్డ్, రోష్‌ల కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లిందంటే మొదలు ఆ రెండు మాటల తేడా దగ్గరే. ఒక పరిశోధకుడు స్టాన్‌ఫర్డ్‌కి మొదటి రకం కాగితం రాసిచ్చి, వేరే కంపెనీ ల్యాబ్‌కి పని నేర్చుకోవడానికి వెళ్లి అక్కడ రెండో రకం కాగితం మీద సంతకం పెట్టాడు. ఆ కంపెనీ హక్కులు తర్వాత రోష్‌కి వచ్చాయి. స్టాన్‌ఫర్డ్ ఓడిపోయింది. మీరు మునుపు పని చేసిన చోట కూడా ఇలాంటి సంతకం ఏమైనా పెట్టి ఉంటే, అటార్నీకి ఇప్పుడే చెప్పేయండి.

ల్యాబ్ నోట్‌బుక్‌లో ఆరో రోజుకి మొదటిసారి జరిపిన ఆ పేజీని, తేదీ కనబడేలా, స్కాన్ చేసి ఉంచండి. సోమవారం అటార్నీతో కాల్ పెట్టించి, ఎండీ గారు కూడా లైన్లో ఉండగానే ఆ పేజీ తెరిచి, అప్పుడు ఏం అనుకుని అలా చేశారో మీ నోటితో చెప్పండి.